మలుపులో కెమెరా

తెనాలి బస్సు దిగి వస్తున్న నా భార్య జ్యోతిలక్ష్మి మెడలో గొలుసును మా వీధి మలుపులో ఎవరో బైకు మీద వచ్చి లాగారు. కిందపడిన మనిషి మళ్లీ లేవలేదు. వాళ్లు దొరకలేదు.

అక్కడ కెమెరా పెట్టించమని ఎమ్మెల్యేగారు పెట్టిన వీధుల భద్రతా సమావేశంలో అడిగాను.

"జాబితాలో మీది ఇరవై మూడోదండి మాస్టారూ. ముందు మంత్రిగారొచ్చే రోడ్డు, తర్వాత మా ఆఫీసు వీధి," అన్నారు ఎమ్మెల్యేగారు.

ఆయన పుట్టినరోజుకు ఆ మలుపులోనే ఫ్లెక్సీ కట్టారు. మర్నాడు పొద్దున అది అడ్డంగా కోసి ఉంది. సాయంత్రానికి రెండు కెమెరాలు బిగించారు.

"మీ కోరిక తీరిందిగా! ఇక ఆ కోసినోణ్ణి పట్టుకోవాలి," అన్నారాయన.

"దొరకడండి. అప్పటికి కెమెరా లేదుగా," అన్నాను.

ఇంటికొచ్చి, జ్యోతి కుట్టుపని కత్తెరలో ఇరుక్కున్న ఫ్లెక్సీ పీలిక తీసేశాను.