రైలుబండి

"ఇది ఇంకొన్నాళ్ళు ఇలాగే కుడితే మనందరి కొంపలూ మునుగుతాయి" అంది పెద్దక్క, టీ గ్లాసు కింద పెడుతూ.

ఇది అంటే కొత్తగా చేరిన పిల్ల. సరిగ్గా పెద్దక్క వెనక మిషను దానిది.

చొక్కాల కాలర్లు కుట్టే షెడ్డు అది. టీ వేళకి మిషన్లన్నీ ఆగుతాయి. కొత్తపిల్ల మిషను మాత్రం ఆగదు. అందుకే దానికి రైలుబండి అని పేరు పెట్టారు.

ఆ షెడ్డులో ఆడవాళ్ళంతా కలిసి పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. సాయంత్రానికి ఎవరి బుట్ట వాళ్ళు నింపాలి. అంతకు మించి ఒక్కటీ కుట్టకూడదు. ఒకరు ఎగబడి కుడితే మేస్త్రీ మర్నాడు అందరికీ పెద్ద బుట్టలు తెస్తాడు. మెప్పు ఒకరికి, నడుం నొప్పి అందరికీ!

"అంతంత కుట్టి ఎక్కడ పెడుతోందంటావ్?" అంది పక్క మిషనావిడ.

"ఇంకెక్కడ? చాటుగా మేస్త్రీకి చేరేస్తోంది. నెమ్మదిగా కుట్టవే అంటే 'కాస్త పనుందక్కా' అని నవ్వుతుంది. పనంట! మనమేదో ఇక్కడ పేకాడుతున్నట్టు!"

పెద్దక్క భయం పెద్దక్కది. బుట్ట నిండకపోతే ఇంటికే. మొగుడు మంచాన పడ్డాడు, ఆమె కూలితోనే ఇల్లు గడవాలి. ఈమధ్య కుడిచెయ్యి తిమ్మిరెక్కి, వేళ్ళకి గుడ్డ తగిలిందీ లేందీ తెలియడం లేదు. అయినా ఏ సాయంత్రమూ ఆమె బుట్ట వెలితి పడలేదు.

"చెయ్యి మొద్దుబారితేనేం, పనితనం ఎక్కడికి పోతుంది!" అనేది. మీసమే ఉంటే మెలేసేది.

మధ్యాహ్నం రైలుబండి చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. పెద్దక్క లేచి దాని మిషనులోంచి బాబిన్ కేసు లాగి కొంగున ముడేసుకుంది. అది లేకపోతే మిషను కుట్టదు.

"అక్కా, నా బాబిన్ కేసు చూశారా?"



"ఎవరి సామాను వాళ్ళే చూసుకోవాలమ్మా" అంది పెద్దక్క. అందరూ ముసిముసిగా నవ్వుకున్నారు.

మేస్త్రీని అడిగితే "పోగొట్టుకున్నదానివి నువ్వే తెచ్చుకో" అని కసిరాడు.

సాయంత్రం అతను బుట్టలు చూసుకుంటూ వచ్చాడు. పెద్దక్కది నిండుగా ఉంది. వెనక బుట్ట దగ్గర ఆగిపోయాడు.

"ఒక్క కాలరూ లేదేంటి? పొద్దుట్నుంచీ గాడిదలు కాస్తున్నావా?"

పిల్ల ఖాళీ బుట్టని పక్కకి జరిపింది.

"రేపట్నుంచి రాకు."

పిల్ల సంచీ తీసుకుని, పోతూ పోతూ "వస్తానక్కా" అంది పెద్దక్కతో.

"పీడా విరగడైంది" అంది పక్క మిషనావిడ.

పెద్దక్కకి మాత్రం ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. కేసు తీసింది మధ్యాహ్నం కదా. పొద్దున్నంతా ఆ మిషను చెవులు చిల్లులు పడేలా మోగిందే. "మరి కుట్టినవేమయ్యాయి?" అని పైకే అనేసింది.

"నీ బుట్టలో ఉన్నాయి" అంది నేల మీద కూర్చుని దారాలు కత్తిరించే ముసలమ్మ. "నువ్వు నీళ్ళకి లేచినప్పుడల్లా వేస్తుందిగా. నీకు తెలిసే జరుగుతోందనుకున్నా ఇన్నాళ్ళూ."

పెద్దక్క గేటు దాకా పరుగెత్తింది. వీధిలో లేదు. పిలుద్దామంటే పేరు తెలీదు. ఎప్పుడడిగారు గనక?

తిరిగొచ్చి కూలబడింది. 

"కేసు తీసింది నేనని తెలిస్తే వేసేది కాదు పెద్దమ్మా" అంది ఏడుస్తూ.

"నువ్వు తీస్తుంటే గుమ్మంలో నిలబడి చూసిందే! నువ్వు నీళ్ళకి వెళ్ళగానే 'నా మిషను ఎలాగూ ఆగిపోయింది పెద్దమ్మా, అక్క బుట్టయినా నిండనీ' అని తనవన్నీ తెచ్చి నీ దాంట్లో పోసింది."