పెద్దదొర బండి సీటు

ఏసోబుకు సిగ్గూశరం లేవని హోటల్ గుర్వయ్య అన్నాడట. చాయ్ తాగడానికి వచ్చిన ప్రతివాడికీ అదే ముచ్చట చెబుతున్నాడట.

“తండ్రి ఇజ్జత్ తీసినోళ్ల బండికి కొడుకు సీటు కుడుతుండు. ఇంకా పైకెల్లి దసరా నాడే ఇస్తనని ముహూర్తం గూడ ఆయననే పెట్టిండట. చర్చికి పోయేటోనికి పూజతోని ఏం పని?”

గుర్వయ్య హోటలుకూ ఏసోబు దుకాణానికీ మధ్య అడ్డం ఒక్క రేకు. మాటలన్నీ వినపడుతూనే ఉన్నాయి. ఏసోబు తలెత్తలేదు. ఆరెతో తోలుకు బెజ్జాలు పొడుచుకుంటూ కూర్చున్నాడు.

నల్గొండ బస్టాండు వెనక ఉంటుంది ఆ దుకాణం. పాత ఇంగ్లండు మోటారు సైకిళ్లకు తోలు సీట్లు కుట్టాలంటే హైదరాబాదు వాళ్లు కూడా అతని దగ్గరికే వస్తారు. ఇప్పుడు అతని ముందున్నది బీఎస్ఏ బండి. తిరుమలగిరి అవతల ఏసోబు వాళ్ల సొంత ఊరి పెద్దదొరది. పెద్దదొర పోయాడు. కొడుకు రాజేందర్ చౌటుప్పల్‌లో ప్లాట్ల వ్యాపారం చేస్తున్నాడు. గడీలో తుప్పు పట్టిన బండిని బయటికి తీసి, ఇంజను బాగు చేయించి, రంగు వేయించాడు. సీటొక్కటే మిగిలింది.

ఆ సీటుకు అప్పట్లో తోలు కుట్టింది ఏసోబు తండ్రి బక్కయ్య. కుట్టినవాడు ఒకసారి ఎక్కి కూర్చుని చూడాలి. స్ప్రింగు ఎటు ఒరుగుతుందో, తోలు ఎక్కడ ముడత పడుతుందో అప్పుడే తెలుస్తుంది. అందుకే బక్కయ్య కూర్చున్నాడు. అదే సమయానికి పెద్దదొర గడీ మెట్లు దిగాడు.

బక్కయ్యతో చెప్పులు విప్పించి, నెత్తిన పెట్టించి, ఊరంతా తిప్పించాడు. వెనక చప్పట్లు కొడుతూ నడిచిన పిల్లల్లో రాజేందర్ అందరికన్నా ముందున్నాడు. ఆ తర్వాత బక్కయ్య బతికినన్నాళ్లూ కాళ్లకు చెప్పులు తొడగలేదు. ఊరందరికీ చెప్పులు కుట్టి తాను ఉత్త కాళ్లతో తిరిగాడు. నెత్తిన మోసిన ఆ జతను భార్య సాలమ్మ గుడ్డలో చుట్టి ఇనుప పెట్టెలో దాచింది.

బీఎస్ఏ దుకాణం ముందు దిగిన రోజున సాలమ్మ కొడుకుతో ఒక్కటే మాట అంది.

“ఆరె మొన ఇరగ్గొట్టి గా సీట్ల పెట్టురా. వాడు కూసున్ననాడు మీ నాయిన యాదికి రావాలె.”

“నా చేతి పనిల మొనలుండయమ్మా.”

“అయితే నాతోని మాట్లాడకు.”

అప్పటి నుంచి ఆమె కంచంలో అన్నం పెట్టి గోడ వైపు తిరిగి కూర్చుంటోంది.

రాజేందర్‌కు తొందర. దసరాకు ముందే ఒకసారి వచ్చి సీటు చుట్టూ తిరిగాడు.

“అయిపోయినట్టే గదరా. తీస్కపోత.”

“దసరా పొద్దున ఇస్త దొరా. పెద్దదొర బండి. పూజ చేసి, మొక్కి ఎక్కాలె. అట్లయితేనే ఇస్త.”

రాజేందర్ పొంగిపోయాడు. “మీ నాయినకు లేని తెలివి నీకొచ్చిందిరా. యాదికున్నదా, చెప్పులు నెత్తిన పెట్టుకొని కోతి తీరు నడిచిండు?”

“యాదికున్నది దొరా.”

రేకు అవతల గుర్వయ్య తుపుక్కున ఊశాడు.

దసరా పొద్దున రాజేందర్ భార్య స్వర్ణలతతో కారులో దిగాడు. కొబ్బరికాయ, బంతిపూలు తెచ్చారు. సాలమ్మ అన్న ఆరె మొన ముచ్చట ఎవరో రాజేందర్ చెవిన కూడా వేసినట్టున్నారు. అరచేత్తో సీటును ముందు నుంచి వెనకదాకా ఒత్తి ఒత్తి చూశాడు. ఎక్కడా ఏదీ గుచ్చుకోలేదు.

“మధ్యల జర గట్టిగున్నదేందిరా?”

“పాత తోలు పొర ఒకటి పెట్టిన దొరా. మంచి తోలు. కూసున్న కొద్ది మెత్తగైతది.”

“నువ్వు కూసోని చూసినవా?”

“మేమెట్ల కూసుంటం దొరా.”

ఆ జవాబు రాజేందర్‌కు బాగా నచ్చింది. భార్య వైపు చూసి నవ్వాడు. స్వర్ణలత సీటుకు పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టింది. రాజేందర్ కొబ్బరికాయ కొట్టి, కాలెత్తి బండెక్కబోయాడు.

“బూట్లు ఇడువుండ్రి దొరా,” అన్నాడు ఏసోబు. “మొక్కాలె.”

బూట్లు విడిచి చేతులు జోడించాడు.

“ఊకె చేతులు గాదు. పెద్దదొర కూసున్న జాగ అది. నెత్తి ఆనిచ్చి మొక్కుండ్రి.”

చాయ్ గ్లాసులు పట్టుకుని జనం చూస్తున్నారు. గుర్వయ్య ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాడు. రాజేందర్ వంగి, కళ్లు మూసుకుని, సీటుకు నుదురు ఆనించాడు. లేచేసరికి నుదుటి నిండా కుంకుమ అంటుకుంది. తుడుచుకోలేదు. అలాగే బండెక్కి కిక్కు కొట్టాడు. వెనక కారులో స్వర్ణలత.

బండి చప్పుడు మలుపు దాటగానే గుర్వయ్య ఫోను దించాడు.

“గిసొంటి గులాంగిరీ నేనెన్నడు చూడలె. బక్కయ్య పైన ఏడుస్తుండొచ్చు.”

అప్పుడే సాలమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఆమె చేతిలో మడతలు విప్పిన పాత గుడ్డ ఉంది. ఇన్నాళ్లకు కొడుకు మొహం చూసి మాట్లాడింది.

“పెట్టె తీసిన. మీ నాయిన చెప్పులు లెవ్వు. గుడ్డనే ఉన్నది. వాటిని గూడ దొరకే ఇచ్చినవారా?”

ఏసోబు ఆరెను గుడ్డతో తుడిచి గూట్లో పెట్టాడు.

“ఇచ్చిన. గా సీటు తోలు కింద కుట్టిన అమ్మా, ఇప్పుడు దొర నెత్తి ఆనిచ్చి మొక్కింది వాటికే.”