రిలీవర్

"పొద్దున దిగాల్సిన డ్యూటీ సార్ ఇది! ఎండ నెత్తి మీదికొచ్చింది. నా రిలీవర్ ఏడి?"

స్వరూప అరుపుకి లేడీస్ హాస్టల్ గేటు ముందు ఆగి ఉన్న ఆటో డ్రైవర్ తల తిప్పి చూశాడు.

ఫోన్లో అవతల సెక్యూరిటీ ఏజెన్సీ సూపర్‌వైజర్ భూపాల్. ఏమాత్రం తొందర లేని గొంతు.

"మల్లన్న వస్తున్నడు. తొవ్వల ఉన్నడు."

"పొద్దటి సంది గదే మాట! వాని ఫోన్ స్విచాఫ్ వస్తున్నది."

"బండి మీద ఉన్నడేమో. వాడొచ్చి గేటు కాడ నిలబడేదాకా నువ్వు కదలొద్దు. రూల్ తెల్సు గద?"

"సార్, మా అమ్మ బాత్రూంల జారి పడ్డది. తుంటి ఎముక ఇరిగింది. తార్నాకల ఆస్పత్రిల ఏసిండ్రు. నేను పోవాలె."

"అయ్యో పాపం. రిలీవర్ రాంగనే పో. నేనేమన్న వద్దన్ననా?"

ఫోన్ పెట్టేశాడు.

స్వరూప పళ్లు పటపటా కొరికింది. రాత్రంతా నిలబడిన కాళ్లు బూట్లలో వాచి ఉన్నాయి. "వీడు ఏడ తాగి పడ్డడో! కనబడనియ్యి, చెప్త వాని సంగతి" అని మల్లన్నని తిట్టుకుంటూ గేటు రెక్కని కాలితో తన్నింది.

అప్పుడే హాస్టల్ అమ్మాయిలిద్దరు డబ్బా ఊపుకుంటూ వచ్చారు.

"అక్కా, రిలీఫ్ ఫండ్! ఎంతో కొంత ఎయ్యరాదూ."

"ఎవలికి రిలీఫ్?"

"వరదల్లో ఇండ్లు మునిగినోళ్లకి."

"నేను గీడ నిలువునా మునుగుతున్న. కండ్లు కనబడుతలేవా మీకు?"

అమ్మాయిలు బిత్తరపోయి పక్కకి తప్పుకున్నారు. తిట్టినందుకు స్వరూపకే మనసు చివుక్కుమంది. ఆ బాధ కూడా మళ్లీ మల్లన్న మీద కోపంగానే మారింది.

ఫోన్ మోగింది. అడిక్‌మెట్‌లో పక్కింట్లో ఉండే స్వర్ణ. తల్లిని ఆస్పత్రికి తీసుకెళ్లింది ఆమే.

"అక్కా, నొప్పికి సూదేసిండ్రు. రిలీఫ్ వస్తదన్నరు గని ఏం రాలే. పెద్దమ్మ ఒకటే మొత్తుకుంటున్నది. ఆపరేషన్‌కి ఇంటోళ్లే సంతకం పెట్టాల్నంట. నేను పెడతనంటే ఒప్పుకుంటలేరు. నువ్వెప్పుడొస్తవ్?"

వెనకనుంచి తల్లి రాములమ్మ కేక వినబడింది. చిన్నప్పటి నుంచి ఆమె నోట అలాంటి కేక స్వరూప ఎప్పుడూ వినలేదు.

"వస్తున్న. వస్తున్ననని చెప్పు అమ్మకు."

వెనక్కి తిరిగేసరికి ఎదురుగా వార్డెన్ విశాలాక్షి.

"ఏమిటమ్మా ఆ అరుపులు? పిల్లలకి పరీక్షలు. కాస్త మంచినీళ్లు తాగి కూర్చో, రిలీఫ్‌గా ఉంటుంది."

"మేడం, మా అమ్మకు ఆపరేషన్. సంతకం పెట్టాలె. నన్ను పంపియ్యండి."

"పంపడానికి నేనెవర్ని? మీ ఏజెన్సీ వాళ్లు చెప్పాలి. గేటు వదిలేసి వెళితే రేపు ఏదైనా జరిగితే జవాబు చెప్పాల్సింది నేను."

స్వరూప నెత్తి మీది టోపీ తీసింది. గేటు తాళాలు ఆ టోపీలో వేసి వార్డెన్ చేతుల్లో పెట్టింది.

"ఇదేంటి? నన్ను నిలబడమంటావా గేట్లో?"

"మీరన్న నిలబడుండ్రి. లేకుంటే భూపాల్ సారును పిలిచి నిలబెట్టుండ్రి."

"ఉద్యోగం పోతుంది, ఆలోచించుకో. ఇవాళే రిలీవ్ చేసేస్తారు నిన్ను!"

"చెయ్యమనుండ్రి! పొద్దటి సంది నేను నెత్తీ నోరూ కొట్టుకుంటున్నది గందుకే గద!"

బయట ఉన్న ఆటోలోకి ఎక్కి కూర్చుంది. "తార్నాక, జల్దీ అన్నా!"

క్యాంపస్ రోడ్డంతా చెట్ల నీడ. స్వరూపకి మాత్రం ఒళ్లంతా మండిపోతోంది. మళ్లీ ఒకసారి మల్లన్నకి ఫోన్ చేసింది. స్విచాఫ్. భూపాల్‌కి చేసింది. ఎత్తలేదు. ఉద్యోగం పోయినట్టే. పోతే పోనీ. ఆ మల్లన్న కనబడితే మాత్రం వదిలేది లేదు. వాడొక్కడు టైముకి వచ్చి ఉంటే ఈపాటికి అమ్మ పక్కన ఉండేది.

ఆటో ఇంకా పూర్తిగా ఆగకముందే దూకేసింది. ఆస్పత్రి గేటు దగ్గర అంబులెన్సుకి దారి ఇప్పిస్తూ ఒక గార్డు అటు తిరిగి ఉన్నాడు. తను వేసుకున్న నీలం చొక్కాయే. అంబులెన్సు లోపలికి వెళ్లాక ఇటు తిరిగాడు.

మల్లన్న!

ఆమెని చూడగానే అతని మొహం విప్పారింది. "అమ్మయ్య, వచ్చినవా అక్కా!"

ఆ నవ్వు చూసి స్వరూపకి రక్తం తలకెక్కింది. పోయి కాలర్ పట్టుకుంది.

"సిగ్గు లేదా నవ్వనీకి? పొద్దటి సంది నీ కోసం ఆ గేట్ల ఎండిపోతున్న! లోపల మా అమ్మ సచ్చిపోయెటట్టున్నది! డ్యూటీకి రాకుండ గీడేం చేస్తున్నవ్?"

"రాత్రి నన్ను గీడ ఏసిండక్కా భూపాల్ సారు. ఫోన్ల చార్జింగ్ అయిపోయింది. పొద్దున్నే హాస్టల్‌కి రావాల్నని నాకూ తెల్సు. గేటిడిచి ఎట్లొస్త? నా రిలీవర్ రాకపాయె!"

అతని కళ్లు నిద్ర లేక ఎర్రబడి ఉన్నాయి. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. స్వరూప పట్టు సడలింది. కోపం మాత్రం తగ్గలేదు.

"ఎవడు వాడు? ఏడ సచ్చిండు? పేరు చెప్పు. ఇప్పుడే ఫోన్ చేసి కడుగుత వాన్ని!"

మల్లన్న అయోమయంగా ఆమె మొహంలోకి చూశాడు.

"నువ్వేనంట గదక్కా!"