కొడుకు వేసిన చుక్క

“పడలేదు,” అంది అత్తగారు.

“పడింది అత్తయ్యా.”

“పడలేదంటుంటే!”

కోడలు మందు సీసా మూత బిగించింది. “బుగ్గ తడుముకుని చూడండి. ఆ తడి ఎక్కడిది మరి? కంట్లోంచి కారిందే కదా!”

“బుగ్గ తడిసింది. కన్ను తడవలేదు.”

“మీ కంటికి స్పర్శ పోయిందని డాక్టరమ్మే చెప్పింది. పడితే మాత్రం మీకెలా తెలుస్తుంది?”

ఆ మాటకు అత్తగారు ఊరుకోలేదు. “పొద్దున మీ ఆయన వేశాడు. చల్లగా పడింది. చక్కగా తెలిసింది.”

“అదీ సంగతి! కొడుకు వేస్తే పడుతుంది, కోడలు వేస్తే పడదు. ఏమండీ, విన్నారా?”

చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న కొడుకు తల ఎత్తలేదు. “నన్ను లాగకండి. కాలర్ మాడితే ఇద్దరూ ఒక్కటై నన్నే అంటారు.”

పొద్దున మొదటి చుక్క అతను వేస్తాడు. ఆ తర్వాత రెండేసి గంటలకు వేయాల్సినవన్నీ కోడలివి. వేసినప్పుడల్లా ఇదే గొడవ. ఒళ్లు మండినా ఆమె ఒక్క చుక్క మానలేదు. అత్తగారి కుర్చీ పక్కన నిలబడి, చేయి బాగా చాచి, గురి చూసి మరీ వేసేది.

గొడవ చుక్క గురించే అయినా అందరి భయం వేరు. అత్తగారి కుడికంటి కార్నియా మీద, అంటే నల్లగుడ్డుకు ముందుండే గాజులాంటి పొర మీద, ఒక పుండు. ఎంతకీ మానడం లేదు. ఈసారి పరీక్షకు కూడా మానకపోతే రెప్పలు రెండూ కలిపి కుట్టేయాలంది డాక్టరమ్మ. అత్తగారేమో వీధి గదిలో గడియారాలు బాగుచేసే మనిషి. భూతద్దం తగిలించుకునేది ఆ కంటికే. బల్ల మీద విప్పిన గడియారాలు విప్పినట్టే ఉన్నాయి.

మర్నాడే పరీక్ష. ముగ్గురూ వెళ్లారు. డాక్టరమ్మ దూదిని సన్నగా పేని, కొసను కంటికి తాకించింది.

“అబ్బా!” అత్తగారు ఎగిరిపడింది.

డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది. “ఏదీ, మళ్లీ అనండి!”

“అనడమేమిటమ్మా? గుచ్చుకుంటుంటేనూ!”

“గుచ్చుకోవాలనే కదా ఇన్నాళ్లుగా చూస్తున్నాం! కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటూ ఉంటాయమ్మా. ‘ఇక్కడ గీరుకుంది, వచ్చి కప్పండి’ అని నరం చెబితే పైపొర కణాలు కదులుతాయి. మీ నరం అలిగి కూర్చుంది. ఈ చుక్కలో ఉన్నది నరాన్ని పెరగమని చెప్పే ప్రోటీన్. అది పలకరించింది, ఇది పలికింది. పుండు సగం పైగా పూడింది. కుట్లు అక్కర్లేదు!”

కొడుకు తల్లి భుజాలు పట్టుకుని ఊపేశాడు.

“ఊపకురా, ఇప్పుడే అలక తీరింది దానికి,” అంది ఆవిడ, నవ్వూ ఏడుపూ కలిసిపోయి.

డాక్టరమ్మ మళ్లీ కంట్లోకి తొంగి చూసింది. “కానీ ఈపాటికి మొత్తం పూడాలే! చుక్కలన్నీ వేస్తున్నారా?”

“ఒక్కటీ మానలేదండీ,” అంది కోడలు.

“మీరుండండి,” అంది డాక్టరమ్మ కోడలితో. “మీరిద్దరూ కాస్త బయట కూర్చోండి.”

తలుపు ఎంతకీ తెరుచుకోలేదు. బయట అత్తగారికి సంతోషం సగం చచ్చింది. “దాన్ని తిడుతోందేమోరా. పడలేదు, పడలేదని నేనే నోరు పారేసుకున్నాను. పాపం, జ్వరంతో మూలుగుతూ కూడా లేచి వేసింది.” తలుపు కొట్టబోతే కొడుకు చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు.

కోడలు ముఖం ఎర్రగా చేసుకుని వచ్చింది. దారి పొడుగునా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్తగారు గొంతు సవరించుకుంది. “నేనో నిర్ణయానికి వచ్చాను. ఇకమీదట చుక్క గురించి పేచీ లేదు. నా కోడలు పడిందంటే పడినట్టే.”

“అమ్మా, ఈ మాట ఇంకొక్కసారి!” అన్నాడు కొడుకు.

కోడలు కంచంలో చేయి ఆపింది. అప్పటిదాకా బిగపట్టుకున్న నవ్వు ఒక్కసారిగా బయటికొచ్చేసింది.

“వద్దత్తయ్యా, మీరు పడలేదంటే పడనట్టే. ఎలా వేస్తున్నానో చూస్తానని డాక్టరమ్మ తన కంట్లో ఒక చుక్క వేయమంది. ఆవిడ ముక్కు మీద వేశాను. నాకు రాసిచ్చిన కళ్లజోడు వచ్చేదాకా చుక్కలన్నీ మీ అబ్బాయే వేస్తారు.”