పద్దెనిమిది అంగుళాల తెర

"ఇది లాప్‌టాపా, టీవీయా?" అన్నాడు వెంకటస్వామి, కళ్ళద్దాలు పైకి జరుపుకుంటూ.

"పద్దెనిమిది అంగుళాల తెర బాబాయ్ గారూ. బందరు మొత్తంలో ఇంత పెద్దది మా షాపులోనే ఉంది." సేల్స్‌లో పనిచేసే విల్సన్ నవ్వాడు. "డిజైన్లు వేసేవాళ్ళకి దీన్ని మించింది లేదు. గ్రాఫిక్స్ కార్డు మంచిది, గేములు కూడా ఎక్కడా ఆగవు. కాకపోతే కాస్త బరువు."

"బరువైతే ఏమైంది, ఎప్పుడూ ఇంట్లో బల్ల మీదేగా ఉండేది," అంది ప్రసన్నలక్ష్మి. "రంగు ఎలా చూపిస్తుందో అదే నాకు కావాలి. అది మా నాన్న చూసి చెప్పాలి."

పెడనలో వాళ్ళది కలంకారీ అద్దకం షెడ్డు. ముప్ఫై అయిదేళ్ళుగా వెంకటస్వామే రంగు మేస్త్రి. ఉడుకుతున్న గుడ్డని కర్రతో ఒక అంచు పైకెత్తి చూసి, "ఇంక తియ్యండి" అన్నాడంటే తియ్యాల్సిందే. ఆయన డిజైన్లని కూతురు కంప్యూటర్లోకి ఎక్కించి ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టి నాలుగేళ్ళయింది. తెర మీద చూసిన ఎరుపూ, చేతికొచ్చిన చీర ఎరుపూ ఒకటి కాకపోతే కొన్నవాళ్ళు ఊరుకోరు. అందుకే, "రంగు నువ్వే చూడాలి నాన్నా, రా," అని ఆయన్ని వెంటబెట్టుకుని కోనేరు సెంటర్లో బస్సు దిగింది.

ఆ మాటకి ఆయన ముఖం విప్పారింది. రెండు నెలలుగా ఇంట్లో ఆ ముఖం ఎవరూ చూడలేదు.

గుడివాడ పెళ్ళివారికి పంపిన చీరలు తిరిగొచ్చాయి. ఎరుపు ఉండాల్సిన చోట ఇటుక రంగు తేలింది. వెంకటస్వామి ఆ తప్పు మాణిక్యం మీద వేశాడు. ఇరవై రెండేళ్ళుగా ఆయన పక్కన నిలబడి రంగు కాచినవాడు మాణిక్యం. "పటిక కొలత తప్పించావు. నీ చెయ్యి పాడైంది. రేపట్నుంచి రాకు," అన్నాడు, అందరి ముందూ. మాణిక్యం తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత తీసిన రెండు వాయిలూ అలాగే చెడ్డాయి. నీళ్ళు మారాయన్నాడు వెంకటస్వామి. ఎండ చాలడం లేదన్నాడు.

"నాన్నా, నీ ఆట పెట్టనా?" అంది ప్రసన్న.

ఒకే రంగు పూసలు మూడు వరుసగా చేరిస్తే మాయమైపోయే ఆట అది. నిరుడు ఆయన జబ్బుపడి లేచినప్పుడు, పొద్దుపోక, కూతురి ఫోన్లో నేర్చుకున్నాడు. కొన్నాళ్ళకి, ఫోను మరీ చిన్నదని మానేశాడు. ఇక్కడ ఒక్కో పూసా నిమ్మకాయంత ఉంది. ఆయన ఒకటి జరిపాడు. అది వెనక్కి వచ్చేసింది. మరొకటి జరిపాడు. అదీ అంతే. అలా అయిదారుసార్లు.

"ఈ మౌసు నా చేతికి అలవాటు లేదమ్మా," అని లేచి నిలబడ్డాడు. "ఈ వయసులో షాపులో కూర్చుని ఆటలేంటి."

"పోనీలే. పక్కనే టీ కొట్టుంది, తాగిరా. ఈలోపు ఈయనతో సెట్టింగులు చూసుకుంటాను."

ఆయన మెట్లు దిగేదాకా ప్రసన్న అటే చూసింది. తర్వాత తనకేం కావాలో విల్సన్‌కి చెప్పింది. విల్సన్ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, ఇంకేమీ అడగకుండా లాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు.

వెంకటస్వామి తిరిగొచ్చేసరికి తెర నిండా ఆయన డిజైనే ఉంది. విరగబూసిన చెట్టు, చెట్టుకి అటూ ఇటూ రెండు నెమళ్ళు. ఆయన సంచీలోంచి కాగితం పొట్లం తీసి, మడతపెట్టిన గుడ్డ ముక్క విప్పాడు. అదే చెట్టు, అవే నెమళ్ళు, ఆయన చేత్తో అద్దినవి. గుడ్డని తెర పక్కన పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎలా ఉంది నాన్నా?"

"పువ్వుల్లో ఎరుపు అచ్చం మనదే." వేలు తెర మీదికి వెళ్ళింది. "నెమలి మెడ మీద నీలం చూడు, ఎంత బాగా దిగిందో. ఇదిగో, ఆకుల్లో పసుపు."

"ముదురూ లేతా తేడా ఏమీ లేదా? సరిగ్గా చూడు."

"పిసరంత కూడా లేదు. నేను చూశాక ఇంక అనుమానమెందుకు?" గుడ్డ మడతపెడుతూ ఆయన గొంతు తగ్గించాడు. "ఇలాంటి ఎరుపునేనమ్మా, మాణిక్యం నాశనం చేసింది."

ప్రసన్న ఆయన చెయ్యి పట్టుకుంది. రంగునీళ్ళలో నాని నాని గట్టిపడ్డ చెయ్యి.

"ఏంటమ్మా?"

"ఏం లేదు నాన్నా. బాగా చూశావు."

ఫోను తీసుకుని బయటికి వచ్చింది. మాణిక్యం ఇప్పుడు చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగల పనికి వెళ్తున్నాడు.

"బాబాయ్, రేపు షెడ్డుకి రా."

"మేస్త్రి గారు రమ్మన్నారా?"

"అవును. రమ్మన్నారు." అంది ప్రసన్న. "ఇకమీదట వాయి దగ్గర నువ్వుండాలి బాబాయ్."

"అలాగేనమ్మా," అన్నాడు మాణిక్యం. ఎందుకని అడగలేదు.

పమిటచెంగుతో ముఖం తుడుచుకుని ఆమె లోపలికి వచ్చింది. వెంకటస్వామి ఇంకా తెర ముందే నిలబడి, ఒక్కో పువ్వునీ వేలితో నిమురుతున్నాడు. విల్సన్ తల వంచుకుని, తుడిచిన గాజు బల్లనే మళ్ళీ తుడుస్తున్నాడు.

"ఇదే తీసుకుందాం అమ్మా," అన్నాడు వెంకటస్వామి. "నా మాట నమ్ము."

"నమ్మాను నాన్నా," అంది.

ఆయన టీకి వెళ్ళినప్పుడే ఆ తెరలోంచి రంగులన్నీ ఆమె తీసేయించింది.