ఏడో గది

పొలం గట్టు కింద రంగసాని అనే ఎలుకకు ఏడు గదుల కలుగు ఉండేది. ఆ చుట్టుపక్కల దాన్ని మించిన చురుకైన ఎలుక లేదు. వరి వెన్ను కొరికిందంటే, కళ్ళు మూసి తెరిచేలోగా అది గదిలో ఉండాల్సిందే.

ఆరు గదులు నిండాయి. "ఏడోది మాత్రం ఊరికే ఎందుకు?" అని దాన్నీ కూరేసింది. అప్పట్నుంచి పని సాగలేదు. ఒక్క వెన్ను లోపల పెట్టాలంటే నాలుగు బయటికి లాగాలి, పాతవి సర్దాలి, మళ్ళీ ఆ నాలుగూ లోపలికి తొయ్యాలి. చూస్తే కోతగాళ్ళు పక్క మడికి వచ్చేశారు.

"నా కాళ్ళు పడిపోయాయి అత్తా!" అని ముసలి పందికొక్కు దగ్గర మొత్తుకుంది.

పందికొక్కు కలుగులోకి తొంగిచూసింది. "కాళ్ళకేం రోగమే? అటుది ఇటు పెట్టుకోవడానికి జానెడు చోటుంచావా? పైగా ఇందులో బోలెడు తాలు!"

రంగసానికి రోషం వచ్చింది. తాలంతా ఏరి బయట పారబోసింది. మంచి గింజలు ఐదు గదుల్లోనే ఇమిడిపోయాయి. ఇక పట్టపగ్గాల్లేవు. తెచ్చిన వెన్నుల్ని ఏడో గదిలో పడెయ్యడం, మళ్ళీ మడిలోకి దూకడం, మధ్యలో వాటిని ఆరో గదిలో పేర్చెయ్యడం! ఆ మడిలో కొడవలి పడేసరికి ఆరో గది నిండింది.

"ఇంకా ఏడోది ఖాళీయేగా, అదీ నింపెయ్యరాదూ?" అని ఏడిపించింది పందికొక్కు.

రంగసాని మీసం దువ్వుకుంది. "ఖాళీ ఎక్కడిది అత్తా? అందులో నా పరుగు దాచుకున్నా."