ముగ్గు ప్రకారం పని

మా మునిసిపాలిటీ వీధుల పనులన్నీ బయటి కన్సల్టెంట్లకి అప్పజెప్పింది. వాళ్లు మనకి కనబడరు. పైనుంచి చూస్తారు. నేలమీద సున్నపు గీత కనిపిస్తే వాళ్ల యంత్రాలొచ్చి కాలువ తవ్వుతాయి, చుక్క కనిపిస్తే దీపస్తంభం పాతుతాయి.

మొన్న ఎదురింటి సుగుణ పదకొండు చుక్కలు పెట్టి, పాలు పొంగుతున్నాయని లోపలికి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి వాకిట్లో పదకొండు స్తంభాలు!

"పక్కకి తిరిగితే గానీ బయటికి రాలేకపోతున్నాను వదినా!" అని ఒకటే గోల.

నాకు మాత్రం ఆశ పుట్టింది. మా గుమ్మం ముందు తొమ్మిదేళ్లుగా మురుగు నిలిచి, ఇటుకలు వేసుకుని దాటుతున్నాం. పెట్టని అర్జీ లేదు. మర్నాడు పొద్దున్నే ముగ్గు డబ్బా తీసుకుని, గుమ్మం నుంచి వీధి చివరి పెద్దకాలువ దాకా జోడుగీతలు లాగాను.

"ఇదేం ముగ్గే, ఇంత తిన్నగా ఉంది?" అన్నారు మావారు.

"మెలికలు మరిచిపోయాను లెండి."

మధ్యాహ్నానికి కాలువ తయారైంది, మురుగు బుద్ధిగా వెళ్లిపోయింది. "ప్లాను ప్రకారం పూర్తి" అని కన్సల్టెంట్ల సందేశం కూడా వచ్చింది.

చీకటి పడగానే వీధిలో ఆడవాళ్లందరం సుగుణ స్తంభాల కింద పీటలు వేసుకుని కూర్చున్నాం. రేపటి ముగ్గు ఏమిటో తేల్చాలిగా!